బ్రేకు అందట్లేదా... ముందు కమాను చూడండి!

పొద్దున్న ఎనిమిది కాలేదు. రాజమండ్రి శివారులో హైవే పక్కనున్న కమాన్‌ కట్టల షెడ్డు ముందు బురద కొట్టుకుపోయిన పికప్‌ ఒకటి వచ్చి ఆగింది. డబుల్‌ క్యాబిన్‌, ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బండి. అది ఆగిన తీరే తేడాగా ఉంది. దూరం నుంచే గేర్లు తగ్గించుకుంటూ, చివర్లో హ్యాండ్‌బ్రేకు లాగి మరీ నిలబెట్టాడు డ్రైవరు.

‘‘బ్రేకు అందట్లేదండి మేస్త్రిగారూ! వెనక లైనర్లు మార్చేయండి’’ అన్నాడు దిగీదిగగానే.

‘‘ఎప్పుడు వేయించావేంటి అవి?’’

‘‘సంక్రాంతి ముందేనండి. కొత్తవే అనుకోండి.’’

‘‘కొత్తవైతే మళ్లీ మార్చమంటావేం బాబూ?’’ అంటూ మేస్త్రి బండి వెనక్కి నడిచాడు. చక్రం జోలికి పోలేదు. గొంతుక్కూచుని, తల వంచి, అడుగుభాగం వైపు కాసేపు చూశాడు. తర్వాత అడిగింది ఒక్కటే మాట... ‘‘ఈ ఎక్స్‌ట్రా పట్టీ ఎప్పుడు ఎక్కించావ్‌?’’

బ్రేకు గురించి చెబుతుంటే కమాను గురించి అడుగుతాడేంటని డ్రైవరుకు విసుగొచ్చింది. అసలు సంగతి మాత్రం అక్కడే ఉంది.

అరచేతిలాంటి రోడ్డు... నిట్టనిలువు కొండ

ఆ బండిది కోనసీమ. కొబ్బరికాయలు, ఎండుచేపలు, అప్పుడప్పుడూ ఐసులో పెట్టిన చేపల ట్రేలు వేసుకుని గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు సంతలకు వెళుతుంది. వచ్చేటప్పుడు చింతపండు, కొండచీపుళ్లు తెస్తుంది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అది దాటాకే అసలైన ఘాట్‌.

డెల్టాలో రోడ్డు అరచేయిలా ఉంటుంది. కాలువ గట్టు మీద అడ్డొచ్చే గేదెకో, ఊరి మొదట్లో గతుకుకో తప్ప బ్రేకుతో పెద్దగా పని పడదు. ముందు చక్రాల బ్రేకు ఒక్కటే బాగున్నా బండి నడిచిపోతుంది. వెనక బ్రేకు సగం చచ్చిపోయినా సంగతి తెలియదు. ఆ తెలియకపోవడమే ప్రమాదం. చల్లని నీడలో కూర్చున్నంతసేపూ జ్వరం తెలియనట్టు, పల్లపు రోడ్డులో దాగిన రోగం కొండ మీదే బయటపడుతుంది.

అంతకు రెండు రోజుల ముందు జరిగింది అదే. వెనక సీట్లో ఎండుచేపలు అమ్ముకునే ఇద్దరు ముసలమ్మలు, పక్కన బావమరిది. వెనక నిండా లోడు. చింతూరు వైపు దిగుతుంటే నాలుగో మలుపు దగ్గర కాలిన వాసన మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడలు మెత్తబడి కిందకి పోతోంది. ఫస్ట్‌ గేరులో, కొండవైపు అంచును ఆనుకుంటూ ఎలాగో దిగి బతికి బయటపడ్డారు. ఆ ఘాట్‌ సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 2019 అక్టోబరులో అక్కడే పర్యాటకుల బస్సు లోయలో పడి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

బ్రేకు అంటే వేగాన్ని వేడిగా మార్చే యంత్రం. అంతకుమించి ఏమీ కాదు. లోడుతో కలిపి మూడు టన్నులున్న బండి 300 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. దాన్ని కేవలం బ్రేకులతోనే ఆపుకుంటూ దింపితే పుట్టే వేడి ఇంచుమించు 30 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థాయికి తేవడానికి సరిపోతుంది. ఆ భారం నాలుగు చక్రాలూ పంచుకోవాలి. వెనక రెండూ పని మానేస్తే ముందు రెండే మోయాలి. కాలిన వాసన వచ్చింది అందుకే.

విల్లు వంగితేనే బండి నిలిచేది

కమాను అంటే విల్లు. పేరులోనే దాని పని ఉంది. ఒకదాని కింద ఒకటి పొట్టిగా అవుతూ పోయే ఉక్కు పట్టీలను మధ్యలో ఒక సెంటర్‌ బోల్టుతో గుచ్చుతారు. ఆ కట్టను వెనక హౌసింగుకు రెండు యూ బోల్టులతో బిగిస్తారు. పై పట్టీ రెండు చివర్లా చుట్టిన కళ్లుంటాయి. ఒక కన్ను చాసిస్‌కు స్థిరంగా ఉంటుంది. రెండోది షాకిల్‌ అనే ఊగే ముక్కకు తగులుతుంది. పట్టీ వంగినప్పుడు పొడవు మారుతుంది కాబట్టి ఆ వెసులుబాటు అవసరం.

గుర్రపు బండ్ల కాలం నాటి ఈ ఏర్పాటు ఇవాళ్టికీ పికప్‌లకు వెనకవైపు ఉందంటే కారణం దాని మొండితనమే. 2010లో వచ్చిన తొలి థార్‌కు వెనక కమాన్లే. 2020లో వచ్చిన కొత్త థార్‌కు మాత్రం చుట్టల స్ప్రింగులు పెట్టారు. బరువు మోసే బండ్లు ఇంకా కమాన్లను వదల్లేదు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కమాను పని గతుకులు ఓర్చుకోవడం ఒక్కటే కాదు. వెనక హౌసింగును దాని చోట్లో పట్టి ఉంచేది కూడా అదే. బ్రేకు తొక్కినప్పుడు చక్రంతోపాటు హౌసింగు కూడా తిరగబోతుంది. ఆ తిప్పుడును ఆపేది కమాన్‌ కట్టే. పట్టీలు నీరసించినా, బోల్టులు వదులైనా ఆ క్షణంలో కట్ట ‘ఎస్‌’ అక్షరంలా మెలిపడుతుంది. చక్రం నేల మీద గెంతుతుంది. గెంతే చక్రానికి పట్టు ఉండదు. డ్రమ్ములో కొత్త లైనర్లున్నా నేలను పట్టుకోని చక్రం బండిని ఏమాపుతుంది?

ఒక్క పట్టీ తెచ్చిన తంటా

ఇక ఎక్స్‌ట్రా పట్టీ కథ. కొబ్బరి సీజన్లో లోడు ఎక్కువై బండి వెనక కూలబడుతోందని డ్రైవరు దారిలో ఎక్కడో రెండువైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించాడు. వెనక భాగం లేచింది. లోడు వేసినా తోక వాలడంలేదు. బాగుందనుకున్నాడు.

చాలా పికప్‌లలో చాసిస్‌ కింద, వెనక హౌసింగుకు దగ్గరగా చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. దాన్నుంచి ఓ కడ్డీయో స్ప్రింగో హౌసింగుకు తగిలించి ఉంటుంది. బండి మీద బరువెంతో ఈ వాల్వు తూకం వేసి చెప్పలేదు. చాసిస్‌కూ హౌసింగుకూ మధ్య దూరాన్నిబట్టి ఊహిస్తుంది, అంతే. దూరం తగ్గితే ‘లోడుంది’ అనుకుని వెనక బ్రేకులకు పూర్తి ఒత్తిడి వదులుతుంది. దూరం ఎక్కువుంటే ‘ఖాళీ బండి’ అనుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. ఖాళీ బండికి వెనక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు బిగుసుకుపోయి తోక తిరిగిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త.

మరి అదనపు పట్టీ వేస్తే ఏమవుతుంది? నిండా లోడున్నా వెనక భాగం వాలదు. వాల్వు మోసపోతుంది. ఖాళీ బండే కదా అని వెనక బ్రేకుకు ఒత్తిడి కోసేస్తుంది. బరువు పెరిగిన రోజునే బ్రేకు తగ్గుతుందన్నమాట!

కొన్నిచోట్ల దీనికో నాటుమందు ఉంది. వాల్వు కడ్డీని ఇనుప తీగతో పైకి లాగి కట్టేయడం. లోడుతో బ్రేకు బాగా పడుతుంది, నిజమే. సంతలో సరుకు దించేసి, ఖాళీగా వానలో వస్తున్నప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కితే మాత్రం బండి గిర్రున తిరుగుతుంది. పట్టీల ఎత్తు మార్చినప్పుడు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత ప్రకారం వాల్వును మళ్లీ సరిచేయడమే మందు. ఆ వెసులుబాటు లేకపోతే అదనపు పట్టీ తీసేయడమే మేలు. నీరసించిన కట్టను రెండువైపులా జతగా మార్చి, అది మోయగలిగినంతే లోడు వేయాలి.

ఏ కమాన్ల షెడ్డులోనైనా వినిపించే సలహా మరొకటుంది... విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టించొద్దని. కమాను ఉక్కుకు ఆ స్ప్రింగు గుణం వచ్చేది లెక్కగా కాల్చి, చల్లార్చి, పదును పెట్టడంవల్ల. వెల్డింగు మంట ఆ పదును పోగొడుతుంది. అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

బోల్టు తెగింది... బండి పక్కకు నడిచింది

మేస్త్రి తర్వాత టేపు తీశాడు. ముందు కన్ను నుంచి హౌసింగు దాకా కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు. రెండూ ఒకటే రావాలి. ఎడమవైపు వేలెడు తేడా వచ్చింది. సెంటర్‌ బోల్టు తెగి, హౌసింగు వెనక్కి జరిగింది.

యూ బోల్టులు వదులైతే భారమంతా సెంటర్‌ బోల్టు మీద పడుతుంది. అది అంత బరువు మోయడానికి పెట్టింది కాదు. పట్టీలను వరసలో ఉంచడానికి పెట్టింది. కొన్నాళ్లకు తెగుతుంది. అప్పుడు వెనక చక్రాలు ఒక దిక్కు, ముందు చక్రాలు ఒక దిక్కు చూస్తాయి. వెనకొచ్చే వాళ్లకు బండి పీతలా పక్కవాటుగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. టైర్లు ఒకవైపే అరుగుతాయి. ‘‘స్టీరింగు కొద్దిగా పట్టుకుని ఉంటే తిన్నగానే పోతోందండి’’ అని సరిపెట్టుకునే డ్రైవర్లు ఎందరో! పట్టుకుని ఉంటేనే తిన్నగా పోతోందంటే ఏదో వంకర ఉన్నట్టే.

డ్రమ్ము విప్పితే...

కమాను కథ అయ్యాకే మేస్త్రి చక్రం విప్పించాడు. ఎడమవైపు లైనర్లు పొడిగా, బాగానే ఉన్నాయి. కుడివైపు డ్రమ్ము లాగేసరికి గేర్‌ ఆయిల్‌ వాసన గుప్పుమంది. లైనర్లు నూనెలో వేయించిన అప్పడాల్లా నిగనిగలాడుతున్నాయి. ఆయిల్‌ సీల్‌ కారుతోంది.

సీల్‌ మార్చి, లైనర్లు మార్చి పంపేస్తే మూడు నెలల్లో మళ్లీ అదే కథ. సీల్‌ ఎందుకు కారిందో చూడాలి. హౌసింగు పైన బొటనవేలంత మూత ఒకటుంటుంది, బ్రీదర్‌ అని. హౌసింగు ఊపిరి పీల్చుకునే ముక్కు అది. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిలు, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. గాలి ఆ ముక్కులోంచి బయటికి పోతుంది. చల్లబడితే లోపలికి వస్తుంది. ముక్కు మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల దగ్గరకు నెట్టి, డ్రమ్ములోకి తోస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఈ ముక్కు మూసుకుపోవడం పెద్ద వింతేమీ కాదు. ఇసుక ర్యాంపులో తడి ఇసుక, లంకల దారుల్లో ఒండ్రు, చేలగట్ల మీద బంకమట్టి... అన్నీ హౌసింగు మీదే పేరుకుంటాయి. ఇంకో చిక్కూ ఉంది. బాగా నడిచి వేడెక్కిన బండిని ఒక్కసారిగా చన్నీళ్లలోకి దింపితే హౌసింగులోని గాలి కుంచించుకుని నీళ్లను లోపలికి పీలుస్తుంది. గేర్‌ ఆయిల్‌ మజ్జిగలా తెల్లగా మారిందంటే నీళ్లు చేరినట్టే. వెంటనే మార్చాలి. బ్రీదర్‌కు ఓ రబ్బరు గొట్టం తగిలించి, దాని చివరను నీళ్లు అందనంత ఎత్తున చాసిస్‌కు కట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

నూనె తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి, మంటమీద కాల్చి మళ్లీ బిగించేవాళ్లున్నారు. పైకి ఆరినట్టు కనిపిస్తాయి. డ్రమ్ము వేడెక్కగానే లోపల దాగిన నూనె మళ్లీ పైకొస్తుంది. పారేయాల్సిందే. అదీ ఒకవైపు కాదు, రెండువైపులా. ఒకవైపు కొత్తవి, మరోవైపు పాతవి ఉంటే ఒక చక్రం ముందుగా పట్టి, తడిరోడ్డు మీద తోక పక్కకు జారుతుంది.

డ్రమ్ములోని దుమ్మును నోటితోనో, గాలి పైపుతోనో ఊదకూడదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్‌ ఉండొచ్చు. ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవాలి.

చేపల బండ్లకు ఇంకో జాగ్రత్త. ట్రేల నుంచి కారే ఉప్పునీరు నేరుగా పడేది వెనక హౌసింగు మీదే. దాని మీదుగా పోయే సన్నని బ్రేకు పైపు తుప్పు పట్టి, ఓ రోజు గట్టిగా తొక్కినప్పుడు పగులుతుంది. లోడు దించిన ప్రతిసారీ మంచినీళ్లతో అడుగుభాగం కడగడం ఖర్చులేని వైద్యం.

పెడలు ఏం చెబుతోంది?

బండికి నోరు లేకపోయినా పెడలు మాట్లాడుతుంది. వినడం తెలియాలి.

* స్పాంజిలా మెత్తగా ఉంటే... పైపుల్లో గాలి చేరింది.

* రెండుమూడుసార్లు పంపు కొడితేగానీ అందకపోతే... లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగింది. అడ్జస్ట్‌ చేయాలి. గాలి చేరిందేమో కూడా చూడాలి.

* తొక్కిపెట్టి ఉంచితే మెల్లగా కిందకి దిగిపోతుంటే... ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్‌ సిలిండర్‌ రబ్బర్లు పోయాయి. ఆ బండి కదలకూడదు.

* రాయిలా గట్టిగా ఉండి బ్రేకు పడకపోతే... బూస్టర్‌నో, దానికి వెళ్లే గొట్టాన్నో అనుమానించాలి.

* ఒక చక్రం హబ్బు మాత్రమే కాలిపోతుంటే... ఆ చక్రానికి బ్రేకు వదలడం లేదు.

* మామూలుగా బాగుండి, ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రమే మెత్తబడితే... బ్రేక్‌ ఆయిల్‌ మరుగుతోంది.

ఈ చివరిది డెల్టా వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో అదే దీనికీ జరుగుతుంది. డాట్‌-3 రకం ఆయిల్‌ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్‌ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అది 140కి పడిపోతుంది. డాట్‌-4కు 230, తేమ చేరాక 155. ఆయిల్‌ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. అందుకే రంగు బాగానే ఉన్నా రెండేళ్లకోసారి మార్చాలి. బండికి ఏ రకం రాసుంటే అదే పోయాలి. దారిలో తగ్గిందని ఇంజినాయిల్‌ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం పాడవుతుంది.

బిగింపులోనే ఉంది కిటుకు

విప్పడం ఎవరైనా విప్పుతారు. మళ్లీ బిగించడంలోనే పనితనం.

ముందుగా చోటు. మెత్తటి నేలలో జాకీ కూరుకుపోతుంది. కింద మందపాటి చెక్క వేయాలి. ముందు చక్రాలకు అటూఇటూ రాళ్లు పెట్టాలి. జాకీని నమ్ముకుని బండి కింద దూరకూడదు. చాసిస్‌ కింద స్టాండులు పెట్టాకే పానా పట్టాలి.

ఒకసారి సాగిన యూ బోల్టులను మళ్లీ వాడకూడదు. కొత్తవి వేసి, నాలుగు నట్లనూ ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించుకురావాలి. రబ్బరు బుష్షులున్న కన్నుల బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు కమాన్ల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే బుష్షు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. మొదటి లోడు వేసి దించాక యూ బోల్టులను ఇంకోసారి చూసుకోవాలి. పట్టీలు సర్దుకుని నట్లు వదులవుతాయి. ఎక్కువమంది మరచిపోయేది ఈ ఒక్క పనే.

డ్రమ్ము అరిగితే తోపుడు పట్టించొచ్చుగానీ, దాని మీద అచ్చేసిన గరిష్ఠ కొలత దాటకూడదు. పైపుల్లో గాలి తీసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు తొక్కిపట్టాలి, ఇంకొకరు నిపుల్‌ వదిలి బిగించాలి. బిగించాకే పెడలు వదలాలి. పైన డబ్బాలో ఆయిల్‌ అయిపోకుండా పోస్తుండాలి. బయటికొచ్చిన పాత ఆయిల్‌ను మళ్లీ పోయకూడదు. అంతా అయ్యాక నేరుగా రోడ్డెక్కకుండా, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నాలుగైదుసార్లు తొక్కి చూడాలి.

దిగేటప్పుడు...

బండి ఎంత బాగున్నా ఘాట్‌లో సగం బ్రేకు గేర్‌బాక్సులోనే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు. డీజిల్‌ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. పెడలు మీద కాలు ఆనించి కూర్చోకుండా, అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలాలి. కాలిన వాసన వస్తే ఆగి, డ్రమ్ములను వాటంతటవే చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగలొచ్చు. నీళ్లలోంచి బయటికి వచ్చాక కాస్త దూరం తేలిగ్గా తొక్కుతూ లైనర్లను ఆరబెట్టుకోవాలి.

ఆ పికప్‌ షెడ్డులో రెండు రోజులుంది. ఒక సంత పోయింది. ఎక్స్‌ట్రా పట్టీలు రెండూ బయటికొచ్చాయి. కొత్త కట్టలు, సెంటర్‌ బోల్టులు, యూ బోల్టులు, సీళ్లు, రెండువైపులా లైనర్లు, కొత్త బ్రేక్‌ ఆయిల్‌ పడ్డాయి. వాల్వు కొలత సరిచేశారు. బ్రీదర్‌కు గొట్టం వచ్చింది. లెక్క చూసుకున్న డ్రైవరు ‘‘ఒక్క పట్టీ వేయించుకుంటే ఇంత అయిందండి’’ అని తల గోక్కున్నాడు.

‘‘పట్టీకి కాదు బాబూ, ఎక్కించిన లోడుకి అయింది’’ అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ.

మరుసటి వారం బండి మళ్లీ చింతూరు సంతకు వెళ్లింది. లోడు కాస్త తగ్గించారు. వెనక సీట్లో అదే ఇద్దరు ముసలమ్మలు. ఘాట్‌ దిగినంతసేపూ వాళ్లు ఎండుచేపల ధరల గురించి పోట్లాడుకుంటూనే ఉన్నారు. బ్రేకు ఊసే ఎవరికీ రాలేదు.